భూషణం నవ్విన షాటు

1998 నవంబరు 2

పెడన పెళ్ళి క్యాసెట్ ఇచ్చేశాను. పీడ వదిలింది.

పెళ్ళికూతురి తండ్రి అప్పగింతల్లో ఒక్క చుక్క కూడా రాల్చలేదు. ఆ టైములో ఆయన బంతిలో ఎవరికో మజ్జిగ అందలేదని వంటవాళ్ళ మీద ఎగురుతున్నాడు. హోమం దగ్గర పొగకి కండువాతో కళ్ళు తుడుచుకున్న షాటు ఒకటుంటే తెచ్చి, కూతురు కారెక్కే ముందు పెట్టాను. ఈరోజు వాళ్ళింట్లోనే క్యాసెట్ వేసి చూపిస్తే తల్లి భోరుమంది. "ఆ రోజు ఈయన ఎంత కుమిలిపోయారో నాకు తెలుసు బాబూ" అంది. ఆయన కూడా నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు. నేను అద్దకం పనివాళ్ళ ఇంట్లో పుట్టినవాణ్ణి. ఏ అచ్చు పక్కన ఏ అచ్చు పడాలో మా నాన్నకి చేతుల్లో ఉండేది, నాకు కళ్ళల్లో ఉంది.

ఇలా రాసుకోవడం కొంచెం పొగరుగానే ఉంది. ఉండనీ, చదివేది నేనే కదా.

నవంబరు 4

మంగినపూడి పక్క పాలెం బోటు తెల్లవారుజామున ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేటకి తగిలి తిరగబడింది. ముగ్గురున్నారు. బోటు నడిపే సరంగు భూషణం ఈదుకుంటూ గట్టుకొచ్చాడు. దైవాధీనం, అతని తమ్ముడు చనిపోయారు. కెమెరా శివ పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నం రెండింటికి టేపు తెచ్చాడు. సాయంత్రం ఆరున్నర వార్తల్లో పడాలి.

మా కేబుల్ ఛానెల్ ఓనరు గంగాధరరావుగారు నా కుర్చీ వెనకే నిలబడ్డారు. "మూడు నిమిషాలు చాలు శ్రీనివాస్. చూసినవాడు మాత్రం కుర్చీలోంచి లేవకూడదు" అన్నారు.

శవాలు చాపల మీద. దైవాధీనం భార్య చిట్టెమ్మ గుండెలు బాదుకోవడం. మళ్ళీ శవాలు. చిట్టెమ్మ కేక తరవాత ఒక మొహం కావాలి, లేకపోతే ఆ కేక గాల్లో వేలాడుతుంది. శివ ఎప్పుడూ దగ్గర షాట్లు తియ్యడు, చెప్పి చెప్పి నోరు పడిపోయింది. మొత్తం టేపులో దగ్గరగా ఉన్నది ఒక్కటే. దుప్పటి కప్పుకున్న భూషణం, చేతిలో టీ గ్లాసు. తల ఎత్తుతాడు, పెదవి కదులుతుంది, టీ తాగుతాడు. అది పెట్టాను. బ్రహ్మాండంగా అతికింది.

శివ తేదీ, టైము ఆపడం మర్చిపోయాడు. బొమ్మ మూలన అంకెలు అసహ్యంగా కనిపిస్తుంటే వాటి మీద మన ఛానెల్ పేరు వేశాను. సౌండ్ ఎలాగూ గాలి గోల, తీసేసి ఏడుపు సన్నాయి వేశాను.

ఆ నవ్వు చూస్తే షాక్‌లో ఉన్నాడు పాపం అనుకుంటారు.

నవంబరు 5

ఆఫీసు ఫోను పొద్దుటినుంచి మోగుతూనే ఉంది. మళ్ళీ వెయ్యమంటున్నారు. కోనేరు సెంటర్లో టీవీ ఉన్న ప్రతి కొట్టు ముందూ జనం నిలబడిపోయారట. గుడివాడ కేబుల్ వాళ్ళు కాపీ అడిగారు. గంగాధరరావుగారు నా భుజం మీద చెయ్యి వేశారు. నాలుగేళ్ళలో ఇదే మొదటిసారి.

ఇంట్లో గాయత్రి అన్నం వడ్డిస్తూ, "ఆ సరంగుగాడికి సిగ్గుందా అండీ? పక్కన శవాలు పెట్టుకుని టీ తాగుతూ నవ్వుతున్నాడు" అంది.

షాక్ అన్నాను.

"షాక్ అయితే టీ దిగుతుందా?"

నవంబరు 6

ఈరోజు కూడా మూడుసార్లు వేశారు.

నవంబరు 9

భూషణం భార్య శేషమ్మ ఆఫీసుకొచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

పాలెంలో ఒక కట్టు ఉందట. సముద్రంలో మనిషి పోతే, శవం గట్టుకొచ్చి కార్యం అయ్యేదాకా ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగదు. ఎవరూ ఏమీ తాగరు, పసిపిల్లలు తప్ప. అందులోనూ సరంగు. బోటు ఎక్కించుకుని తీసుకెళ్ళినవాడు అందరికంటే ముందు గట్టెక్కడమే ఒక తప్పు. అలాంటిది శవాల ముందు టీ తాగాడు, నవ్వాడు. ఊరంతా టీవీలో చూసింది. పెద్దలు కూర్చున్నారు. భూషణాన్ని వెలి వేశారు. ఆయన బోటు ఎవరూ ఎక్కరు. ఆయన ఇంటికి నిప్పివ్వరు, నీళ్ళివ్వరు, శేషమ్మతో ఎవరూ మాట్లాడరు.

"ఆయన అట్టాంటోడు కాదు బాబుగారూ. దైవాధీనానికి వల పట్టడం నేర్పిందే ఈయన. ఆ బొమ్మ తీసెయ్యండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

గంగాధరరావుగారు ఆమెకి మంచినీళ్ళు తెప్పించారు. మర్యాదగానే మాట్లాడారు. నన్ను చూపించి, "ఈయన్నే అడుగు తల్లీ, మేం ఏమన్నా కల్పించామా?" అన్నారు.

"తీసిందే వేశామమ్మా. ఏదీ కల్పించలేదు" అన్నాను. ఆమె ఆ నీళ్ళు తాగలేదు.

ఆ కట్టు సంగతి నాకు తెలియదు. మాది పెడన. తెలిస్తే టీ షాటు పెట్టేవాణ్ణా?

నవంబరు 10

ప్రతి షాటూ నిజమే.

నవంబరు 11

ప్రతి షాటూ నిజమే. శవాలు నిజం. ఏడుపు నిజం. టీ నిజం. నేను చేసిందల్లా ఒకదాని పక్కన ఒకటి పెట్టడం. వంకాయ పక్కన చేప పెట్టి అమ్మితే రెండూ కలిపి వండమన్నట్టా? చూసేవాళ్ళు ఏదో అనుకుంటే దానికి నేనా జవాబుదారీ?

నవంబరు 13

భూషణం వచ్చాడు.

టీవీలో కనిపించినంత ముసలివాడు కాదు. యాభై అయిదు ఉంటాయేమో. చెప్పులు మెట్ల కిందే వదిలి వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మీరేనా బాబూ అది కలిపింది?"

అవునన్నాను. తిడతాడు, కాలరు పట్టుకుంటాడు అనుకున్నాను. అదేమీ చెయ్యలేదు.

"నాకో మాట చెప్పండి. శవాల దగ్గర నేనెందుకు నవ్వానంటారు?"

దెప్పడానికి అడగలేదు. నిజంగా అడిగాడు, డాక్టర్ని అడిగినట్టు.

"నాకేం గుర్తులేదు బాబూ. బోటు తిరగబడింది, చీకటి. ఎంతసేపు ఈదానో తెలీదు. కాళ్ళకి ఇసక తగిలింది. ఎవరో గ్లాసు చేతిలో పెట్టారు. ఆ తరవాత సంగతంతా టీవీలో చూసిందే. రోజూ చూస్తన్నాను, బజార్లో కొట్టు ముందు నిలబడి. దైవాధీనం చాప మీదుంటాడు. నేను నవ్వుతాను. ఇన్నిసార్లు చూశాను, ఎందుకో అంతుచిక్కట్లేదు. మీరు చదువుకున్నోళ్ళు. రోజూ మనుషుల మొహాలు చూసే పని మీది."

నేనేం చెప్పానో ఇక్కడ రాసుకోవాలి. రాయకపోతే రేపు ఇంకోలా గుర్తుపెట్టుకుంటాను. "షాక్ అండీ. షాక్‌లో మనిషి అలాగే నవ్వుతాడు" అన్నాను.

ఆయన తల ఊపాడు. "అయితే నవ్వానన్నమాటే" అన్నాడు. మెట్లు దిగి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సౌండ్ నేను విన్నాను. ఆ రోజే విన్నాను, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, తీసెయ్యడానికి ముందు. టీ కొట్టు సత్యవేదం గొంతు: "బాబాయ్, కోడూరు బోటోళ్ళు ఇద్దర్నీ ఎక్కించుకున్నారంట. బతికే ఉన్నారంట. ఇంక తాగు." భూషణం అప్పుడు తల ఎత్తాడు. అప్పుడు నవ్వాడు. మూలన టైము ఏడూ పన్నెండు. శవాలు దొరికింది పదకొండూ నలభైకి.

అన్నదమ్ములు బతికారని విని నవ్వాడు. నాకు తెలుసు. తెలిసే పెట్టాను. చేతగానివాణ్ణి, పాపిష్టివాణ్ణి. ఆయన ఎదురుగా నిలబడి అడిగినప్పుడు కూడా షాక్ అనే చెప్పాను.

నవంబరు 15

టేపు ఇంటికి తెచ్చి గాయత్రికి వేసి చూపించాను, సౌండ్‌తో. నవ్వు దగ్గర చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, ఇదా సంగతి" అంది.

సాయంత్రం కేబుల్లో మళ్ళీ అదే వార్త వచ్చింది. గాయత్రి కాసేపు చూసి మొహం తిప్పుకుంది. "తెలుసు కానండీ, ఆ నవ్వు చూస్తే ఒళ్ళు మండిపోతోంది" అంది. మళ్ళీ తనే, "వాళ్ళకి చూపించారా?" అని అడిగింది.

తెలిసిన గాయత్రికే ఇలా ఉంటే తెలియని ఊరి సంగతి ఏం చెప్పను?

నవంబరు 17

గంగాధరరావుగారికి చెప్పాను. ఆయన తలుపు వేసి కూర్చోబెట్టారు.

"చూడు శ్రీనివాస్. రేపు నువ్వెళ్ళి ఇది మేం కలిపిందని చెప్తే, ఎల్లుండి మనం వాన పడిందన్నా ఎవరూ నమ్మరు. ఊళ్ళో గొడవలు రెండు నెలల్లో వాటంతటవే చల్లారిపోతాయి. ఆ టేపు పెళ్ళిళ్ళ బ్యాగులో పడెయ్, ముహూర్తాలు మొదలవుతున్నాయి. టేపులు చాలట్లేదు."

మా దగ్గర ఏ టేపూ నెల దాటి బతకదు. చావు మీద పెళ్ళి ఎక్కుతుంది, పెళ్ళి మీద మంత్రిగారి శంకుస్థాపన ఎక్కుతుంది.

పడెయ్యలేదు. నా సొరుగులోనే పెట్టాను.

నవంబరు 18

పాలెం వెళ్దామని బస్టాండు దాకా వెళ్ళాను. మంగినపూడి బస్సు కదిలేదాకా చూసి వచ్చేశాను. బస్సు నిండా జనం ఉన్నారు.

నవంబరు 20

బస్సు ఖాళీగానే ఉంది. అయినా ఎక్కలేదు.

నవంబరు 23

శేషమ్మ ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసింది. భూషణం పొద్దున మొగ దగ్గర మెడలోతు నీళ్ళలోకి వెళ్ళి నిలబడ్డాడట. పిలిస్తే పలకలేదట. వెలి కాబట్టి పాలెంవాళ్ళు గట్టు మీదే నిలబడి చూశారు. చివరికి బీచికి వచ్చిన గుడివాడ కాలేజీ పిల్లలు లాక్కొచ్చారు.

"ఏంటయ్యా ఇదంటే, దైవాధీనం మొహం చూస్తానంటాడు బాబుగారూ. నవ్వినందుకు క్షమాపణ చెప్పుకోవాలంట. ఇయ్యాల ఆపారు. రేపు ఎవరాపుతారు?"

రేపు పొద్దున్నే టేపు తీసుకుని వస్తానన్నాను. చెప్పేశాను. ఇంక తప్పదు.

నవంబరు 24

సొరుగులో టేపు లేదు.

ఆఫీసంతా గాలించాను. పెళ్ళిళ్ళ చిట్టా చూస్తే, నిన్న సాయంత్రం శివ గుడివాడ పెళ్ళికి నాలుగు ఖాళీ టేపులు తీసుకెళ్ళాడు. కల్యాణమండపానికి ఫోన్ చేస్తే శివ లైన్లోకి వచ్చాడు. "నీ సొరుగులోదే గురూ. దాని మీద ఖాళీ అని రాసుందిగా" అన్నాడు.

నేను రాయలేదు. నేనెందుకు రాస్తాను?

గుడివాడ బస్సెక్కాను. దారి పొడుగునా వరి కోతలు, రోడ్డు మీదే ధాన్యం ఆరబోశారు. బస్సు నడుస్తోందో పాకుతోందో అర్థం కాలేదు. దిగి డ్రైవర్ని కొట్టాలనిపించింది. మండపంలోకి దూరేసరికి బాజాలు, తలంబ్రాలు. శివ కెమెరా భుజాన పెట్టుకుని పీటల ముందు ఉన్నాడు. అందరి ముందూ కెమెరా పట్టుకుని ఆపేశాను. పెళ్ళివారు నన్ను నెట్టారు, ఎవరో వెనక నుంచి వీపు మీద గుద్దారు. కొత్త టేపు వేయించి, పాతది బయటికి తీశాను.

చీటీ మీద ఖాళీ అని ఉంది. రాత నాదే. ‘ళ’ అలా గుండ్రంగా చుట్టేది నేనొక్కణ్ణే. ఎప్పుడు రాశానో గుర్తులేదు.

గుర్తులేదు అని రాస్తున్నాను. గుర్తులేదట.

తలంబ్రాలయ్యాక శివ కెమెరాలోనే వేసి చూశాను. పది నిమిషాల పైన పోయింది. తలంబ్రాల మధ్యలో బొమ్మ ఒక్కసారి గెంతి సముద్రం వస్తుంది. భూషణం దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంటాడు. మూలన ఏడూ పన్నెండు. సత్యవేదం మాట ఉంది. మొత్తం ఉంది. ఇంకో అర నిమిషం ఆలస్యమైతే ఉండేది కాదు. బస్టాండులో బెంచీ మీద కూర్చుని ఏడ్చాను.

నవంబరు 29, ఆదివారం

పంచాయితీ ఆదివారమే కూర్చుంటుందంటే ఇన్నాళ్ళూ ఆగాల్సొచ్చింది. పాలెంలో వలల షెడ్డులో కుర్చీ మీద టీవీ, దాని కింద మా ఆఫీసు వీసీపీ. గంగాధరరావుగారికి చెప్పలేదు. రెండొందల మంది వచ్చి ఉంటారు. పెద్దమనిషి నాగేశ్వరరావుగారు మంచం మీద కూర్చున్నారు. చిట్టెమ్మని ఆడవాళ్ళు పట్టుకుని తెచ్చారు. భూషణం షెడ్డు బయట ఎండలో నిలబడ్డాడు, వెలి కదా, లోపలికి రాకూడదు. అక్కణ్ణుంచే చూశాడు.

ముందు పెళ్ళి వచ్చింది. తలంబ్రాలు, నవ్వులు. ఎవరో, "ఇదేంటయ్యా, చావు పంచాయితీలో పెళ్ళా" అన్నారు. అంతలో సముద్రం. టైము చదివి చెప్పాను. సత్యవేదం మాట వినిపించింది. భూషణం నవ్వాడు, టీ తాగాడు. ముందుకి తిప్పాను. పదకొండూ నలభై అని కనిపించగానే, జనం నీళ్ళ వైపు పరిగెత్తడం మొదలవుతుండగానే, చిట్టెమ్మ, "అక్కడితో ఆపెయ్యి బాబూ" అంది. ఆపేశాను.

"మధ్యలో నాలుగున్నర గంటలు నేనే తీసేశానండీ. టైము కనపడకుండా పేరు వేసింది నేనే, మాట తీసేసింది నేనే" అన్నాను.

"ఎందుకు తీసేశావు?" అన్నారు నాగేశ్వరరావుగారు.

"అలా కలిపితే బాగుంటుందని."

తిట్టినా బాగుండేది, నలుగురు కలిసి తన్నినా బాగుండేది. గుడివాడలో పడిన గుద్దే ఎంతో నయం.

వెనక నుంచి సత్యవేదం లేచాడు. "ఆ గొంతు నాదేనండీ. ఎవరో చెప్తే విని నేనే చెప్పాను. తాగనంటే బలవంతంగా తాగించాను. తరవాత తప్పుడు కబురు చెప్పింది నువ్వేనంటారని భయపడి నోరు మూసుకున్నాను."

నాగేశ్వరరావుగారు చిట్టెమ్మ వైపు చూశారు. ఆమె తల ఊపింది. ఆయన లేచి చెంబుతో నీళ్ళు తీసుకుని షెడ్డు బయటికి నడిచి భూషణం చేతికిచ్చారు. భూషణం తాగాడు. వెలి తీరిపోయింది.

శేషమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. నెల తరవాత కడుపు నిండా అన్నం తిన్నాను.

నవంబరు 30

గంగాధరరావుగారికి తెలిసిపోయింది. రేపటినుంచి రావద్దన్నారు. సరే అన్నాను. మనసు తేలిగ్గానే ఉంది.

డిసెంబరు 3

ఈ పేజీ రాయాలని లేదు.

భూషణం ఇంకా బోటెక్కలేదని శివ చెబితే పాలెం వెళ్ళాను. ఇంటి ముందు వల ఒళ్ళో వేసుకుని కూర్చున్నాడు, చేతులు మాత్రం ఆడటం లేదు. నన్ను చూసి పక్కన చోటిచ్చాడు. మొదటిసారి నువ్వు అన్నాడు.

"నా మూలాన నీ పని పోయిందంట కదా బాబూ."

"పోతే పోయిందండీ. మీరు వేటకెందుకు వెళ్ళట్లేదు? అంతా సర్దుకుంది కదా."

"వాళ్ళు రమ్మనే అంటన్నారు. నేనే ఎట్టా వెళ్ళను?" ఒళ్ళో వల పక్కన పెట్టి నా వైపు తిరిగాడు. "నువ్వు మంచోడివి. కన్నకొడుకు కూడా తండ్రి కోసం అంత అబద్ధం కలపడు."

నాకు అర్థం కాలేదు. అబద్ధం ఏదండీ అన్నాను.

"మొన్న చూపించావే, అది. సత్యవేదాన్ని కూడా ఒప్పించావు. ఆడి చేత ఆ మాట అనిపించి నా బొమ్మకి పెట్టావు. పెళ్ళి పక్కన నన్ను అతికించిన చోట గెంతింది, ఆ అతుకు నేను చూశాను. వాళ్ళు చూళ్ళేదులే."

"కాదండీ. మొన్నటిదే నిజం. మొదటిదే నేను కలిపింది. మీరు నవ్వినప్పుడు అక్కడ శవాలు లేవు, ఎవరూ లేరు, పొద్దున ఏడు గంటలు" అన్నాను. గాయత్రి మీద ఒట్టేశాను. ఇసుక మీద పుల్లతో టైములు రాసి చూపించాను. ఇంటికొస్తే మళ్ళీ టేపు వేసి చూపిస్తానన్నాను. చెబుతూ చెబుతూ ఏడ్చేశాను.

నేను ఎంత కాదంటే ఆయనకి నా మీద అంత దయ పెరిగింది. ఏడవొద్దు బాబూ అని నా వీపు నిమిరాడు.

"నేను అక్కడున్నోణ్ణి కదా. నాకు గుర్తే. ముందు గుర్తులేదు గానీ ఇప్పుడు అంతా గుర్తొచ్చింది. దైవాధీనం చాప మీద పడుకుని ఉన్నాడు. వాడి కాళ్ళు నా వైపే ఉన్నాయి. చిట్టెమ్మ అరిచింది. నేను వాణ్ణి చూసి నవ్వాను, టీ తాగాను."

శేషమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. నా వైపు చూసి మొహం పక్కకి తిప్పుకుంది.

లేచి చెప్పులు వేసుకుంటుంటే ఆయన నన్ను దగ్గరికి పిలిచి గొంతు తగ్గించాడు.

"నువ్వేం భయపడమాక. నీకు మాటొస్తుంది. నేను చచ్చేదాకా ఎవరితోనూ అనన్లే."